పరుపులు అను ముందు

బోయిగూడలో కలీముల్లా దూదేకుల మనిషి. పాత పరుపు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టి ఇస్తాడు. ఎవరైనా గట్టిగా తుమ్మితే ఉలిక్కిపడే రకం. అలాంటివాడి మీద బెదిరింపు కేసు పెట్టారు.

పెట్టింది మా కాలనీ సంఘం ప్రెసిడెంటు లక్ష్మణ్. కలీముల్లా దుకాణం ముందు జాగాలో తన కొత్త కారు నిలపాలని ఆయనకు మహా కోరిక. కలీముల్లా కదలడు. ఇంతలో లక్ష్మణ్ భార్యే పరుపులు బాగుచేయమంది. కలీముల్లా ఆయనకు రెండు వాయిస్ మెసేజ్‌లు పంపాడు. మొదటిది: "సార్, మీ పరుపుల సంగతి మేడం చెప్పిండ్రు." రెండోది: "పొద్దుగాలే వస్తా. బయటికి గుంజుతా, కట్టెతోని దంచుతా, మంచిగ ఏకుతా, ఆఖరుకు సూదితోని గుచ్చి కుడతా."

ప్రెసిడెంటు గారు రెండోది మాత్రమే స్టేషన్‌కు పట్టుకెళ్లారు.

"మొదటిది నా ఫోన్ల ఉన్నది సార్!" అని కలీముల్లా మొత్తుకున్నాడు.

"ముందు ఆ ఫోన్ ఇక్కడ పెట్టు," అన్నారు పోలీసులు. పెట్టాడు. ఫోనూ లోపలే, తనూ లోపలే.

కోర్టులో మొదటి మెసేజ్ వినిపించగానే మెజిస్ట్రేటు నవ్వాపుకుంటూ కేసు కొట్టేశారు. కాలనీ మాత్రం కొట్టేయలేదు. పరుపులవాణ్ని పడగ్గదిలోకి రానివ్వాలి కదా! ఏళ్లుగా పిలిచే మేబెల్ టీచర్ కూడా తలుపు సందులోంచే "తర్వాత చూద్దాం" అంది. నాకు ఒళ్లు మండింది. కలీముల్లా మాత్రం కుంగిపోయాడు.

అతని భార్య జన్నత్ ఊరుకోలేదు. కార్ఖానా ఏరియాలో ఉండే లాయర్ జెరూషా దగ్గరికి లాక్కెళ్లింది.

"కేసు పోయింది కదా, ఇంకేం కావాలి?" అంది లాయర్.

"నా పేరు సుత పోయింది మేడం. అది గావాలె," అన్నాడు కలీముల్లా.

అబద్ధమని తెలిసీ కుళ్లుతో కేసు పెట్టినందుకు లక్ష్మణ్ మీద సివిల్ దావా వేశారు. బోనులో ఆయన్ని జెరూషా అడిగింది:

"మొదటి మెసేజ్ విన్నారా?"

"విన్న."

"మరి పోలీసులకు ఇవ్వలేదేం?"

లక్ష్మణ్ మంచినీళ్లు అడిగాడు. సాయంత్రానికి రాజీకొచ్చాడు. కలీముల్లా షరతు ఒక్కటే, తప్పు ఒప్పుకుంటూ కాలనీ వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాలి.

లాయర్ ఆఫీసులో లక్ష్మణ్ ఫోన్ పట్టుకుని ఏదో గొణిగాడు.

"ముందటి ముక్క ఇనబడలే సార్. మళ్ల చెప్పుండ్రి," అన్నాడు కలీముల్లా.

ఈసారి గట్టిగానే పలికాడు: "తప్పు నాది. కలీముల్లా బెదిరించలే. సగం మెసేజ్ ఇచ్చి నేనే ఇరికించిన."

ఇంటికెళ్లే దారిలోనే మేబెల్ టీచర్ ఫోన్ చేసింది. "కలీముల్లా, రేపు వస్తావా?"

లాకప్‌లో ఏడవని మనిషి నడిరోడ్డు మీద భోరుమన్నాడు. వెక్కుతూనే, "వస్తా టీచర్, ఏకుతా..." అనబోయాడు. జన్నత్ ఫోన్ లాక్కుంది.

"పరుపులు అను ముందు!"