కేసుషీట్లకు కట్టిన ఎర్రదారాలు

మొన్న బీపీ చూపించుకుందామని ఆసుపత్రికి వెళితే, కౌంటరులో కూర్చున్న అమ్మాయి నా మొహమైనా చూడకుండా ఫోను నంబరు అడిగి, వయసు అడిగి, పడని మందులేమైనా ఉన్నాయా అని కూడా అడిగి, నేను నోరు తెరిచేలోపే ‘లేదు’ అన్న గడి నొక్కేసి వెనకవాళ్లను పిలిచింది. ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, నాకు సల్ఫా మాత్రలు పడవని చెప్పుకోవడానికి మళ్లీ వరసలో నిలబడ్డాను. ఆ ‘లేదు’ అన్న మాట చూస్తే చాలు, నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

రాష్ట్రం రెండుగా విడిపోయిన కొత్తలో నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఆసుపత్రిలో ఓపీ చూసే పెద్ద నర్సుని. పొద్దున్న ఎనిమిదయ్యేసరికి ఆటోలు దిగిన జనంతో వరండాలో కాలు పెట్టే చోటుండేది కాదు. పెన్సిలిన్ సూది పడనివాళ్ల కేసుషీటుకు ఎర్రదారం కట్టడం మా దగ్గర అలవాటు. నాకు పని నేర్పిన పెద్ద సిస్టరుగారు, మా బాప్టిస్టు చర్చిలో మా అమ్మ పక్కన నిలబడి పాటలు పాడిన మనిషి, ఆ పద్ధతి మొదలుపెట్టారు. దారం కనబడితే ఆ సూది జోలికి వెళ్లేవాళ్లం కాదు, అంతే. నా ఈడు నర్సులకు ఇలాంటివి విడమరిచి చెప్పనక్కరలేదు.

అలాంటి చోటికి కంప్యూటర్లు దిగాయి. రిబ్బను కత్తిరించారు, లడ్డూలు పంచారు, ఫొటో కోసం మాత్రమే తెల్లకోటు తొడుక్కునే మా పెద్ద డాక్టరుగారు ఇకమీదట మనది కాగితం లేని ఆసుపత్రి అని గంటసేపు కాగితం చూసి చదివారు. ఆయన ముగించకముందే కరెంటు పోయింది. పాత కేసుషీట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడానికి పట్నం నుంచి ఇద్దరు మనుషులు వచ్చి రికార్డు గదిలో కూర్చున్నారు. జ్వరం కొలవడం కూడా రాని ఈ మహానుభావులు మాకు ఆసుపత్రి నడపడం నేర్పుతారా అని నేను ఆ గది గడప తొక్కలేదు. అడిగితే చెబుదాంలే అని మూతి ముడుచుకుని కూర్చున్నాను. వాళ్లు అడగలేదు.

చేపలమ్మే ఆవిడ ఒకామె ఉండేది, నేను అక్క వరస కలిపి అప్పా అని పిలిచేదాన్ని. చేపలు కోసే కత్తి జారి పాదం తెగి, చీము పట్టి ఆసుపత్రికి వచ్చింది. సరిగ్గా ఆ రోజే నన్ను విజయనగరంలో కంప్యూటరు శిక్షణకు పంపారు. తల పండిన నర్సులందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, మౌసు ఎలా పట్టుకోవాలో పూట పొడుగునా నేర్పించారు. ఇక్కడ కొత్త నర్సు తెర మీద చూస్తే, పడని మందులు ‘లేదు’ అని ఉంది. ముందుగా చర్మం కింద చుక్క మందు వేసి పడుతుందో లేదో చూసే అలవాటు కూడా, తెర చెప్పాక ఇంకెందుకని అప్పటికే మానేశారు. సూది వేసేసింది.

సాయంత్రానికి నేను తిరిగొచ్చేసరికి అప్ప మంచం మీద మొహమంతా వాచి, పెదాలు నల్లబడి, ఆక్సిజను పెట్టుకుని ఉంది. ఆ కొత్తపిల్ల భయపడిపోకుండా చేయవలసినవన్నీ వెంటనే చేసింది కాబట్టి మనిషి దక్కింది. నేను రికార్డు గదికి పరుగెత్తాను. అప్ప కేసుషీటుకు దారం లేదు. ఏ కేసుషీటుకీ లేదు. ఆ ఇద్దరిలో పెద్దవాడు చాలా వినయంగా ఒక ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు. కాగితాలు స్కానరులో ఇరుక్కుంటున్నాయని దారాలు తెంపారట. మొక్కుకుని కట్టించుకున్నవేమో, కాళ్ల కింద పడకూడదని జాగ్రత్త చేసి, సముద్రంలో కలుపుదామనుకున్నారట. ఆ గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకు వెళ్లదని అందరికీ ‘లేదు’ కొట్టేశారట. నోటికొచ్చినట్టు తిట్టి, ఆ కవరు లాక్కున్నాను. పెద్ద డాక్టరుగారు మాత్రం పైకి పంపిన కాగితంలో సాంకేతిక లోపం అని రాసి చేతులు దులుపుకున్నారు.

వాళ్లందర్నీ తిట్టుకుంటూ, నిజం చెప్పాలంటే ఆ తిట్టుకోవడంలో కాస్త సుఖపడుతూ అప్ప పక్కన కూర్చున్నాను. ఆమె కళ్లు తెరిచి, “సిస్టరమ్మా, నా దారం ఏటయిపోనాది? నాకా సూది పడదని నీకు తెలుసు కదేటి,” అంది.

అప్పుడు ఆమె కేసుషీటు మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. నాడి, బీపీ, మాత్రలు, అన్నీ నా గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. పెన్సిలిన్ పడదన్న ఒక్క ముక్క ఎక్కడా లేదు. దారం ఉందిగా అని ఇన్నేళ్లూ రాయలేదు. నేను రాయనిదాన్ని ఆ మనిషి ఎక్కడినుంచి ఎక్కిస్తాడు? అంతవరకూ వాళ్ల మీద ఉన్న అసహ్యం నా మీదికి తిరిగింది.

ఆ మర్నాటినుంచి ఒంటివేలితో టైపు నేర్చుకున్నాను. వచ్చిన ప్రతి మనిషినీ మొహం చూసి అడిగి, మందు పడనివాళ్లకు ‘లేదు’ను ‘ఉంది’గా మార్చుకుంటూ రిటైరయ్యేదాకా అదే పనిగా పెట్టుకున్నాను. కొందరు వచ్చారు, చాలామంది రాలేదు. రానివాళ్ల పేర్లు నాకెలా తెలుస్తాయి, తెంపిన దారాలు ఎవరివో చెప్పవు కదా. ఆ పోగులున్న కవరు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆ రానివాళ్లు ఈ రోజు ఏ కౌంటరు ముందు నిలబడి, ఏ అమ్మాయి తల ఎత్తి చూస్తుందా అని ఎదురుచూస్తున్నారో నాకు తెలియదు.