పెద్దమ్మను కూర్చోబెట్టిన కథ

మా పెద్దమ్మ బట్టల షాపులో పనిచేసేది. పొద్దున షట్టర్ లేచింది మొదలు రాత్రి దించేదాకా నిలువుకాళ్ల మీదే. బేరాల్లేని వేళ కూడా కూర్చోకూడదు. స్టూళ్లు వేయించమని అడిగితే ఓనరు, "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయమ్మా" అన్నాడు.

"తింటామనలేదండీ, కూర్చుని అమ్ముతామంటున్నాం" అంది పెద్దమ్మ.

మర్నాడు షాపు గుమ్మంలో చతికిలబడింది. పక్క షాపుల ఆడవాళ్లూ వచ్చి చేరారు. చివరికి వీధి వీధంతా స్టూళ్లొచ్చాయి. ఇప్పుడు అదే షాపులో నేను పనిచేస్తున్నాను. ఇంటికెళ్లాక నాకు కాళ్లు పీకవంటే అది పెద్దమ్మ పుణ్యమే. ఎదురుగా అంటే ఒంటికాలి మీద లేస్తుంది గనక ఇక్కడ చెబుతున్నాను.

ఆడవాళ్ల హక్కులకు గుర్తుగా చౌరస్తాలో విగ్రహం పెట్టాలనుకున్నప్పుడు, శిల్పి పెద్దమ్మ బొమ్మే చెయ్యడానికి ఆవిడను పిలిచి, ఎలా ఉండాలనిపిస్తే అలా ఉండమంది. పెద్దమ్మ చేతిలో బట్టల తాను పట్టుకుని నిటారుగా నిలబడింది. మట్టి నమూనా చూసి అందరూ ఆహా అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"పెద్దమ్మా, నువ్వు కొట్లాడింది నిలబడటానికా?"

ఆవిడ నాలుక్కరుచుకుంది. "ఎదురుగా మనిషుంటే కాళ్లు వాటంతటవే నిలబడతాయే, ఏం చెయ్యను?"

శిల్పి నవ్వి మళ్లీ మట్టి కలిపింది. అసలు తంటా అప్పుడు మొదలైంది. తలుపు చప్పుడైతే చాలు, పెద్దమ్మ స్టూలు మీంచి లేచిపోయేది. టీ తెచ్చిన మనిషికీ లేచింది.

"మిమ్మల్ని కూర్చోబెట్టడం కన్నా మీ ఓనర్ని ఒప్పించడమే తేలికేమోనండీ" అంది శిల్పి.

నేను పక్కన చేరి ఆవిడ మోకాలి మీద చెయ్యేసి ఉంచాను. కింద ఉబ్బిన నరాలు చేతికి తగిలాయి. నా కాళ్లకు అవి లేవు. ఆ రోజు ఆవిడకు ఎంత రుణపడ్డానో తెలిసి కళ్లు చెమర్చాయి.

బొమ్మ కుదిరింది కానీ పెద్దమ్మకు బెంగ పట్టుకుంది. "అదైతే కూర్చునే ఉంటుంది. ఆవిష్కరణ రోజు పెద్దమనుషుల్ని చూసి నేను లేచి నిలబడితే నవ్వులపాలైపోతానే."

ఆ రోజు రానే వచ్చింది. విగ్రహం ముందు వేసిన బల్ల మీద పెద్దమ్మ, నేను కూర్చున్నాం. కర్ర ఊతంతో పాత ఓనరు వచ్చాడు. చుట్టుపక్కల వాళ్లందరూ లేచారు. పెద్దమ్మ పాదాలు కదిలాయి. నేను చెయ్యి వేయబోయేంతలో ఆవిడే సర్దుకుని వెనక్కి జారి కూర్చుంది. తన పక్కన కాస్త చోటు చేసింది.

"రండి బాబుగారూ, ఇలా కూర్చోండి. ఎంతసేపని నిలబడతారు?"