బొటనవేలు అడిగిన పీహెచ్‌డీ సీటు

రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ సీటుకు ఏమేం కావాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పీజీలో మంచి మార్కులు, ప్రవేశపరీక్ష, ఇంటర్వ్యూ, చేర్చుకుంటానని గైడు సంతకం, ఆ గైడు దగ్గర ఒక ఖాళీ. కిందా మీదా పడి అన్నీ సంపాదించాను. కుడిచేతి బొటనవేలు కూడా కావాలని మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాకు సీటొస్తే అలిపిరి మెట్లన్నింటికీ పసుపు కుంకుమ పెట్టిస్తానని అమ్మ మొక్కుకుంది. పరీక్ష రాసింది నేను, మొక్కింది ఆవిడ, వంగాల్సింది మళ్లీ నేనే. సీటొచ్చిన వారమే మొక్కు మొదలుపెట్టించింది. సగం దారిలో, నేను పూసిన తడి పసుపు మీదే నా కాలు జారి కుడి మణికట్టు విరిగింది.

నాయన ఆస్పత్రి మాటే ఎత్తనివ్వకుండా, విరిగిన ఎముకలకు నాటుకట్టు కట్టే పుత్తూరుకు నేరుగా తీసుకెళ్లాడు. ఆకు పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, వేళ్ల చివరి దాకా గుడ్డ చుట్టేశారు.

"మేం సెప్పేదాకా ఇప్పొద్దు పాపా. ఇప్పితే ఎముక వంకర పోతాది" అన్నాడు కట్టు కట్టిన పెద్దాయన.

అడ్మిషన్‌కు ఆఖరి రోజున ఆ కట్టుతోనే వెళ్లాను. కాగితాలన్నీ సరిపోయాయి. క్లర్కు వేలిముద్ర మిషను ముందుకు తోసి, పరీక్ష రాసింది నేనేనని తేల్చుకోడానికి కుడి బొటనవేలు పెట్టమన్నాడు.

"చెయ్యి విరిగింది సార్."

"నాకు కనపడతా ఉండాది మా. కంప్యూటరుకు కనపడదు గదా. ముద్ర పడకుంటే సీటు ఇంకొకరికి పోతాది."

బయట నిలబడిన నాయనకు చెప్పాను.

"సదువు వచ్చే ఏడన్నా సదవచ్చు. చెయ్యి యాడ తెస్తావు?" అన్నాడాయన.

వచ్చే ఏడు ఆ ఖాళీ ఉంటుందా? జిరాక్సు అంగడిలో కత్తెర అడిగాను. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, క్లర్కు మీది కోపమంతా కట్టు మీద చూపించాను. నాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

తీరా చూస్తే వేలు ఉబ్బి, పసరుతో ఆకుపచ్చగా ఉంది. మిషను తీసుకోలేదు. సబ్బుతో కడిగాను, నిమ్మచెక్కతో రుద్దాను, నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తీసుకోలేదు. అప్పుడు టీ తాగి వచ్చిన ఇంకో ఉద్యోగి తొంగిచూశాడు.

"ఎడమది పెట్టించప్పా. పరీక్షనాడు రెండు చేతులవీ తీసుకున్నాం గదా."

"అట్నా? నాకు తెలీదే" అన్నాడు క్లర్కు. పరీక్ష కంగారులో ఇచ్చిన ముద్రలు నాకూ గుర్తులేవు.

ఎడమ వేలు పెట్టీపెట్టగానే పచ్చలైటు వెలిగింది. సీటు దక్కింది. నాకు నవ్వాలో, ఆ మిషను ఎత్తి క్లర్కు నెత్తిన వేయాలో తెలియలేదు.

ఆ సాయంత్రమే నాయన నన్ను మళ్లీ పుత్తూరు తీసుకెళ్లాడు. కట్టు మళ్లీ కట్టారు గానీ, చివరికి మణికట్టు వంకరగానే అతుక్కుంది. ఇప్పుడు ల్యాబులో ద్రవాలు కొలిచే పిపెట్టును కుడిచేత్తో నొక్కితే సలుపుతుంది, అందుకని ఎడమచేత్తో నేర్చుకున్నాను.

అమ్మ మాత్రం మిగిలిన మెట్లు మరిచిపోలేదు.

"ఎడంచేత్తోనే పెడతాలే" అన్నాను.

"సామికి ఎడంచేత్తో ఎట్ల పెడతావు మా? కుడిచెయ్యే కావాల" అంది.