నందివర్ధనం మీద సవతి

పురుగు మీద అసూయపడ్డానంటే నవ్వుతారు. నవ్వండి. చీపురుపల్లిలో మా పెరట్లో, నా నందివర్ధనం ఆకుల మధ్య మా ఆయనకు అది కనబడిన రోజు నుంచీ నాకు తిన్నది ఒంటబట్టలేదు.

వేలంత లావు, లేతాకుపచ్చ, తోక దగ్గర చిన్న కొమ్ము. ముట్టుకుంటే తల ముడుచుకుని, మెడ మీదున్న రెండు నీలం మచ్చలను కళ్ళలా చూపించి బెదిరించేది. ఆయన ఫోన్‌లో వెతికి, రెక్కలొచ్చాక ఇది హాక్ మాత్ అవుతుందని, చీకటి పడే వేళ పూల ముందు గాల్లో నిలబడి తేనె తాగుతుందని, ఇంగ్లీషువాళ్ళు దానికి డేగ పేరు పెట్టారని పాఠం చెప్పారు. రిటైరయ్యాక ఆయన నాతో అంతసేపు మాట్లాడింది అదే.

మట్టి పోసిన బకెట్లో దాన్ని పెట్టి, పైన తన పొందూరు ఉత్తరీయం కప్పారు. పాడుచేస్తానని ఆ ఉత్తరీయాన్ని నన్ను ఉతకనిచ్చేవారు కాదు. పొద్దున్నే లేచి దానికి లేతాకులు ఏరి తెచ్చేవారు. నేను తిన్నానా అని ఏనాడూ అడగని మనిషి, అది తిన్నదా అని మాటిమాటికీ బట్ట ఎత్తి చూసేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు అది తిండి మానేసింది. వీపంతా నల్లబడింది. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయారు.

"నీ కళ్ళే పడ్డాయి దాని మీద. ఒకపాలి దిష్టి తీసీ," అన్నారు.

నా కళ్ళు పడిన మాట నిజమే. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి, బకెట్ చుట్టూ తిప్పి నీళ్ళ పొయ్యిలో పడేశాను. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని మావైపు నమ్మకం. కాస్తయినా ఘాటు రాలేదు. ఆయన దొంగని చూసినట్టు నన్ను చూశారు.

మర్నాటికి పురుగు కనబడలేదు. మట్టి కెలికితే లోపల గోధుమరంగు ప్యూపా ఉంది. అది జబ్బు కాదు, మట్టిలోకి దిగే ముందు ఆ జాతి అలాగే నల్లబడుతుందట. ఆ సంగతి ఫోన్‌లో నేనే చూసుకున్నాను.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం బట్ట కింద టపటపమని చప్పుడైంది. ఇద్దరం పరుగెత్తాం. పాచిరంగు రెక్కలు, వాటి మీద లేత గులాబి చారలు. కాసేపు ఉత్తరీయం అంచున వణికి, ప్రహరీ దాటి ఎగిరిపోయింది. పీడ విరగడైందని నా ప్రాణం హాయిగా ఉంది.

"ఎంత అందంగున్నాదో సూసినావా," అన్నారాయన, గోడవైపే చూస్తూ.

పెళ్ళైన ఇన్నేళ్ళలో అందం అన్న మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. నేను పక్కనే నిలబడి ఉన్నాను.