మా బావ చదివిన ఉత్తరం

ఇది మా బావ వినాలని చెబుతున్నాను. బావంటే మా ఆయనకు అన్న. ఇంకెవరు విన్నా సంతోషమే, వినకపోయినా నాకు బాధ లేదు. ఆయన మాత్రం కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా వినాలి.

నాకు చదువు రాదు. ప్రొద్దుటూరులో ఒక బట్టలంగట్లో చీరలు మడతపెట్టే పని నాది. అంచు చూసి ఏ చీర ఏ అరలోదో చెబుతాను గానీ, దానికి అతికించిన చీటీ చదవలేను. నా కూతురికి పుట్టినప్పటి నుంచీ చూపు మసకే. అయినా పుస్తకం ముక్కుకు ఆనించుకుని చదివేది. తొమ్మిదో తరగతి అయ్యేసరికి ఆ మసక కూడా పోయింది. మా ఆయన ఉంటే చదివి వినిపించేవాడు. ఆయన అంతకు రెండేళ్ల ముందే చనిపోయాడు. పదో తరగతి పుస్తకాలు తెచ్చి పెట్టుకుంటే, దానికి అక్షరాలు కనపడవు, నాకు కనపడినా తెలియవు. వాటిని ముందేసుకుని ఇద్దరం ఊరికే కూర్చునేవాళ్లం.

అప్పుడు జమ్మలమడుగు నుంచి నా కూతురి గురించి ఉత్తరం వచ్చింది. మా వీధిలో ఏ కాగితం వచ్చినా చదివేది మా బావే. ఆయన అరుగు మీద కుర్చీలో కూర్చుంటాడు, మనం నిలబడాలి. చదివి, తల అడ్డంగా ఊపాడు.

“పుస్తకాలు వినిపించేది ఏందో పెట్టినారంట మే. నీకు కుదరదులే.”

“ఎందుకు బావా?”

“ఈడ ముద్ర అని రాసినారు చూడు. వేలిముద్ర వేసే తల్లుల బిడ్డల్ని చేర్చుకోరంట.”

“ఇంకోసారి చూడు బావా.”

“నాకు చదవను రాదంటావా? కండ్లు లేనిదానికి చదువెందుకు? ఇంట్లో కూర్చోబెట్టు.”

నమ్మాను. నా వేలి వల్ల నా బిడ్డ బతుకు చెడిపోయిందని ఏడ్చాను. ఆ ఏడాదంతా నా కూతురు బడికి పోకుండా మా బావ మనవరాలి ఉయ్యాల ఊపింది. ఆయనకు కావలసింది అదే.

ఉయ్యాల ఊపుతూనే అది నాకు సంతకం నేర్పింది. నా చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించేది. తప్పు రాస్తే నా మణికట్టు కదలికను బట్టి పట్టేసేది. నాలుగు అక్షరాలకు నాకు ఎనిమిది నెలలు పట్టింది. వచ్చిన మరుసటి రోజే ఉత్తరం తీసుకుని జమ్మలమడుగు బస్సెక్కాను.

అక్కడ ఒక టీచరమ్మ ఉంది. ఆ ఉత్తరం రాసింది ఆమేనట. నేను ముందు సంతకం చేసి చూపించాను.

“సంతకం ఎందుకమ్మా?” అంది.

“వేలిముద్ర వేసేటోళ్లకు లేదని రాసినారు గదా.”

ఆమె కాగితం చూసి నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

“ముద్ర కాదమ్మా, ముద్రణ. ముద్రణ వైకల్యం అంటే అచ్చులో ఉండేది చదువుకోలేకపోవడం. నీ బిడ్డలాంటోళ్లకే రాసినాం. నీ వేలితో మాకేం పని? యాడ చదివించుకున్నావు ఇది?”

ఇంటికొచ్చి, ఎందుకు తప్పు చదివావని బావనే అడిగాను.

“తప్పు చదివినానంటే రేపటి నుంచి నువ్వే చదువుకో” అన్నాడు. వీధిలో నలుగురు నవ్వారు.

ఆ నవ్వు నాలోనే ఉంది.

నా కూతురు తరువాతి ఏడు పదో తరగతి పరీక్షకు కూర్చుంది. మూడు ఊళ్లవాళ్లు పాఠాలు పైకి చదివి రికార్డు చేసి, కలిసి చేసిన పని అది. సాంఘికం ప్రొద్దుటూరులో చదివారు, లెక్కలు, సైన్సు పులివెందులలో చదివారు, అన్నిటినీ ఒకచోట చేర్చింది జమ్మలమడుగువాళ్లు. ఒక ఊళ్లో చదివిన పాఠం ఇంకో ఊళ్లో మళ్లీ చదివే పని లేకుండా, మెమరీ కార్డులు కవర్లలో పెట్టి బస్సులో పంపేవాళ్లు. కార్డును చిన్న పెట్టెలో పెట్టి మీట నొక్కితే నా కూతురికి పాఠం వినిపించేది. పులివెందుల సారు ‘చాలా’ అని ఉన్నచోటల్లా ‘శానా’ అని చదివేవాడు. నా కూతురు ఫోను చేసింది.

“సార్, పుస్తకంలో శానా అని ఉండదు సార్.”

“నీకెట్ల తెలుసు పాపా, నువ్వు చూసినావా?”

“చూడకనే తెలుస్తాంది సార్.”

ఆయన పడీపడీ నవ్వి, మళ్లీ చదివి పంపాడు. నా కూతురు పరీక్షలో నెగ్గింది. ఇప్పుడు మూడు ఊళ్లవాళ్లు చదివినవి విని తప్పులు పట్టే పని దానిదే.

పోయిన ఏడు షుగరు వల్ల మా బావకు చూపు పోయింది. గోడ పట్టుకుని మా గడపలోకి వచ్చాడు.

“మే, నీ కూతురికి చెప్పి ఏదన్నా పురాణం ఇప్పియ్యి. పొద్దు పోవడంల్యా.”

“ఇప్పిస్తా బావా. దానికి ముందు ఇంకోటి వినాల నువ్వు.”

ఈ మధ్య ఆ మూడు ఊళ్లవాళ్లు, పుస్తకాలే కాకుండా మన బతుకు సంగతులు కూడా రికార్డు చేసేందుకు చెప్పండి, పేర్లు మాత్రం వద్దు అన్నారు. నేను సరేనన్నాను. నా కూతురికి ఇష్టం లేదు.

“పగ తీర్చుకునేదానికా అమ్మా ఇది పెట్టింది?”

“ఆయప్ప చదివితే నేను నిలబడి వినలేదా? నేను చెప్తాండా, కూర్చోని వినమను.”

“ముసిలాయన ఏడుస్తాడు.”

“ఏడవనీ.”

“పురాణం ఇయ్యాల్సిందే అమ్మా. అడిగినోళ్లకు లేదనకూడదు.”

“నేను వద్దంటినా? ఇది అయినాంక ఇయ్యి.”

బావా, వింటున్నావు కదా. నా కూతురు నీ ముందు పెట్టి పోయిన ఆ పెట్టె ఆపే మీట యాడుందో నీకు తెలియదు. ఆపాలంటే మా అక్కను, అదే నీ భార్యను, వంటింట్లో నుంచి పిలవాలి. నువ్వు చదివి పెట్టకపోతే ఈ వీధికి దిక్కే లేదని ఆమె ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటుంది. ఎందుకు ఆపమంటున్నావని అడుగుతుంది. ఏం చెబుతావో చెప్పు.

పిలువు బావా.