గుమ్మం దగ్గర బూట్లు

మా నాన్న డ్యూటీ బూట్లు విడిచే చోటే నా ప్రోగ్రామింగ్ భాషకు ప్రాణం నిలిచిందంటే మా టీములో ఎవరూ నమ్మరు.

మా పేట ఖుర్సీపార్‌లో ఇంట్లో కూర్చునే పనిచేస్తాను. మేం తయారుచేస్తున్న భాషలో, వాడేవాళ్ళు ఎప్పుడంటే అప్పుడు కొత్త రకం వస్తువులు, అంటే ఆబ్జెక్టులు, చేర్చుకోవచ్చు, పాతవాటికి కొత్త పనులు నేర్పవచ్చు. నాకు అదే ముద్దు. కానీ ఆ స్వేచ్ఛ వల్ల, వస్తువుకు పని చెప్పిన ప్రతిసారీ భాష మొదటినుంచీ వెతకాలి. ఇది ఏ రకం, ఆ పని ఎలా చేయాలో ఎక్కడ రాసి ఉంది అని. నత్తనడకే. సోమవారంలోగా వేగం రాకపోతే కొత్తవి చేర్చే దారి మూసేద్దామన్నారు టీమువాళ్ళు. ఒళ్ళు మండింది గానీ వాళ్ళన్నది అబద్ధం కాదు.

కిందటిసారి దొరికిన చోటు గుర్తుపెట్టుకునేలా మార్చాను. పరుగందుకుంది. సంబరం ఒక్క పూటే. కొత్త పని నేర్పాక కూడా భాష గుర్తున్న పాత చోటికే వెళ్తోంది, వస్తువు పాత పనే చేస్తోంది.

వంటింట్లో అమ్మ దగ్గర చేరి, ఈ ఉపాయం నీ దగ్గర నేర్చుకున్నదేనన్నాను. నాన్న ఉక్కు ప్లాంటుకు వెళ్ళే రోజుల్లో అమ్మ ఏ షిఫ్టని రోజూ అడిగేది కాదు. నిన్నటి వేళకే క్యారేజీ కట్టేసేది. నీకెప్పుడూ తప్పలేదు, నాకే ఎందుకు తప్పిందని వాపోయాను.

"నాదేటుందే? షిఫ్టు మారితే మీ నాన్న బూట్లు వీధికేసి తిప్పెట్టీవోరు. తిరిగుంటేనే అడిగీదాన్ని."

మార్చినవాళ్ళే గుర్తు వదలాలి. నేను మరిచింది అదే. ప్రతి రకానికీ ఒక ముద్ర ఇచ్చి, రకంలో ఏది మార్చినా ఆ ముద్ర కూడా మారేలా రాశాను. పని చెప్పేచోట ఆ ముద్ర ఒక్కటీ చూసుకుంటే చాలు, అది మారితేనే మళ్ళీ వెతుకులాట. సోమవారం దారి మూసే మాటే ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం వరండాలో టీ తాగుతున్న నాన్నకు ఇదంతా చెప్పాను. నోటితో చెప్పక బూట్లెందుకు తిప్పేవారని అడిగాను.

"సెకండ్ షిఫ్టు నుంచి రాత్రేళ వచ్చీసరికి నువ్వు పడుకునుండీదానివి. అప్పుడున్న క్యాంప్ 2 బస్తీలో మనకొకటే గది గదా. మాటాడితే లేచిపోతావని. అంతే, బస్."

అమ్మ చెప్పినప్పుడు అది ఆమె పని తేలిక చేసే ఉపాయమనుకున్నాను. నా నిద్ర కోసమట. థాంక్స్ నాన్నా అన్నాను. ఆయన నా గ్లాసు నావైపు జరిపి, టీ చల్లారిపోతోందన్నారు.