కిటికీలో నెగ్గిన క్లాంపులు

చెక్కపని ఎవరు నేర్పారని అడిగితే మా మేనత్త "జిగురు" అంటుంది. ఆమె చిన్నప్పుడు తాత తన షెడ్డులో రంపం, ఉలి ఆడపిల్ల చేతికి ఇచ్చేవాడు కాదట. అతికించిన చెక్కలు విడిపోకుండా పట్టుకుని కూర్చోవడమే ఆమె వంతు. చెక్కల్ని బిగించి పట్టే ఇనుప క్లాంపులు రెండే ఉండేవి, మూడో క్లాంపు అత్త. జిగురు ఆరేదాకా దోమ కుట్టినా చెయ్యి తీయకూడదు. అలా కూర్చున్న గంటల్లోనే తాత చిత్రిక ఎలా పడతాడో, రంపం ఎక్కడ ఆపుతాడో చూసి నేర్చుకుంది. తాత పోయాక షెడ్డు ఆమెదైంది. నేను తొమ్మిదో తరగతి మధ్యలో మానేసి ఆమె దగ్గర పనికి చేరి ఇది ఐదో ఏడు.

చెక్కను పట్టి ఉంచడమంటే ఏమిటో అత్తకు చేతులతో తెలుసు. అందుకే కొత్త క్లాంపు ఏదొచ్చినా నేరుగా పనికి పెట్టదు. దానికి రెండు వేళ్ల మందం చెక్కముక్క కరిపించి, ఎండ పడే కిటికీ గట్టు మీద నెల రోజులు వదిలేస్తుంది. రోజూ పొద్దున్నే ముక్కను లాగి చూస్తుంది. జారిందా, చెత్తబుట్టే. మా వీధిలో వడ్రంగులవీ, కుర్చీలు బాగుచేసేవాళ్లవీ, పటాలు కట్టేవాళ్లవీ కలిపి పదకొండు షెడ్లు. "అక్క కిటికీలో నెగ్గిందా?" అని అడగనిదే ఎవరూ కొనేవారు కాదు. ఆ షెడ్డు తప్ప అత్తకు వేరే ఆస్తి లేదు. ఉన్నదంతా ఆమె మాట మీద వీధికున్న నమ్మకమే.

వీధి చివర సామాన్ల కొట్టాయన ఆమెను "చెల్లెమ్మా" అంటాడు. పదిహేనేళ్ల పరిచయం. అత్త జ్వరంతో పడుకుంటే వాళ్లింటి నుంచి క్యారేజీ వచ్చేది. పోయిన ఏడు ఆయన నాలుగు ప్లాస్టిక్ స్ప్రింగు క్లాంపులు తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. ఒళ్లంతా నలుపు, మూతులు నారింజ రంగు.

"ప్లాస్టిక్కా అన్నయ్యా? బట్టలారేసుకోడానికా?"

"నవ్వు, నవ్వు. ఇనపదాంట్లో సగం బరువు లేదు. నీ కిటికీలో పెట్టి చూడు. మావాణ్ణి కూడా ఓ నెల అక్కడ కూర్చోబెట్టి ఉంటే పది పాసయ్యేవాడు."

నెల గడిచినా నాలుగూ పట్టు వదల్లేదు. అత్తకు నమ్మకం కుదరక ఇంకో పదిహేను రోజులు ఉంచింది. తర్వాత "బాగున్నాయి" అంది. కొట్టాయన ఓ అట్టముక్క మీద "కిటికీలో నెగ్గినవి" అని రాసి, క్లాంపుల గుత్తి పైన వేలాడదీశాడు. వీధంతా కొన్నారు.

ఈ ఎండాకాలం మొదట్లో గరుకు కాగితం కోసం కొట్టుకు వెళ్లాను. అట్టముక్క కింద కొత్త గుత్తి ఉంది. అదే నలుపు, అదే నారింజ. ఊరికే ఒకటి తీసి నొక్కాను. మధ్య పిన్ను దగ్గర సన్నగా తెల్లటి గీత లేచింది. వదిలాక కూడా పోలేదు. మా దగ్గరున్న వాటిలో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు.

"ఏంటమ్మా అంతలా చూస్తున్నావ్? అవే ఇవి" అన్నాడాయన, కాగితం చుట్టి ఇస్తూ.

తలూపి వచ్చేశాను. బయటివాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. ఇంటికొచ్చి అత్తకైనా చెప్పాల్సింది. పెద్దవాళ్లు, వాళ్లకు తెలియదా అనుకున్నాను.

పది రోజులకు మా వీధిలోనే కుర్చీలు బాగుచేసే బాబాయి వచ్చాడు. ఎప్పుడూ రోడ్డు మీద నుంచే "వదినా, టీ పెట్టు" అని కేకేసే మనిషి, ఆ రోజు గుమ్మంలో ఆగిపోయాడు. కుడికంటి మీద దూది కట్టు. జేబులోంచి రెండు ముక్కలైన క్లాంపు తీసి బల్ల మీద పెట్టాడు.

"కుర్చీ చెయ్యికి జిగురు రాసి బిగిస్తున్నా. ఫట్‌మంది. ముక్కొచ్చి కంట్లో కొట్టింది."

"చూపు?" అంది అత్త.

"మసక మసకగా ఉంది. నెల ఆగితేగానీ చెప్పలేనంది డాక్టరమ్మ."

అత్త మా క్లాంపు ఒకటి తెచ్చి, రెండూ చెరో అరచేతిలో పెట్టుకుంది. బాబాయి తెచ్చింది తేలిక. పిన్ను సన్నం, స్ప్రింగు తీగ ఇంకా సన్నం.

"ఇది నేను చూసింది కాదు."

"నాకేం తెలుసు వదినా? నేను కొట్టువాణ్ణి నమ్మి కొన్లేదు, నిన్ను నమ్మి కొన్నా."

ఆయన వెళ్లాక తెల్లగీత సంగతి చెప్పాను.

"ఎప్పుడు చూశావ్?"

"పది రోజులైంది."

విరిగిన ముక్కలు తీసుకుని చెప్పులేసుకుంది. తిట్టినా బాగుండేది.

మేం వెళ్లేసరికి కొట్టాయన మరలు ఏరుతూ ఉన్నాడు. "పాత సరుకు రావట్లేదు చెల్లెమ్మా. రూపం ఒకటే కదా, ప్లాస్టిక్ ప్లాస్టిక్కే" అన్నాడు.

"మరి అట్ట ఎందుకు తీయలేదు?"

"మర్చిపోయా."

"నా మాట మాత్రం గుర్తుందే!"

ఆయన మరలు పక్కకు నెట్టాడు. "కళ్లద్దాలు పెట్టుకోకుండా పనిచేస్తే నేనేం చెయ్యను? అయినా నువ్వేమన్నా సంతకం పెట్టావా, నీకెందుకింత బాధ?"

అత్త స్టూలెక్కి అట్ట తనే తీసింది. ఆయన ఆపలేదు. "తీసుకుపో. ఇప్పుడందరికీ అలవాటైపోయాయిలే" అన్నాడు. అన్నాక నవ్వాడు, ఎప్పుడూ మా బల్ల దగ్గర కూర్చుని నవ్వే నవ్వే.

మేము విరిగిందీ మంచిదీ పట్టుకుని షెడ్డు షెడ్డుకూ తిరిగాం. ఇద్దరు క్లాంపులు తీసి అవతల పారేశారు. మిగతావాళ్లు చూస్తాంలే అన్నారు. చివరి షెడ్డులో పటాలు కట్టే అతను చట్రానికి జిగురు రాస్తున్నాడు. పక్కన ఆరు క్లాంపులు, అన్నీ కొత్తవే. అత్త అంతా చెప్పింది.

"నీకూ కొట్టాయనకీ ఏదో చెడినట్టుంది. అన్నాచెల్లెళ్ల గొడవలోకి నన్ను లాగకక్కా."

"గొడవ కాదురా. కుర్చీలాయన కన్ను చూశావా?"

"మొన్న బాగున్నాయన్నది నువ్వే, ఇవాళ వద్దంటున్నదీ నువ్వే. ఏ అక్క మాట వినను?"

అత్త గొంతు తగ్గించింది. "పోనీ, నొక్కేటప్పుడు మొహమైనా పక్కకు తిప్పుకోరా."

"అది కూడా కిటికీలో పెట్టి చూశావా?"

మొదటి క్లాంపు సరిగ్గా మొహానికెదురుగా పట్టుకుని నొక్కాడు. తర్వాత రెండోది. అత్త గుమ్మంలో నిలబడి ఒక్కొక్కదాన్నీ చూస్తోంది. ఆరోది కూడా విరగలేదు. అతను మావైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు.